సంచి ముడి వేసిన బూట్లు

తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే చెప్పుల షాపులో నాకు గయ్యాళి అని పేరు. ఆ పేరు పెట్టింది మా ఓనరు గారే. "కొనడానికి వచ్చినవాళ్ళ మీద ఆ కేకలేంటమ్మా" అని వారానికి ఒకసారైనా నెత్తి బాదుకుంటారు. కేకలు వెయ్యక ఏం చెయ్యను? మనిషి వచ్చి కుర్చీలో కూర్చుని బూటులో కాలు పెడతాడు. బొటనవేలు ముందు అంచుకి గుద్దుకుని లోపల ముడుచుకుపోయి ఉంటుంది. పైనుంచి నొక్కితే నా చేతికి తెలుస్తూనే ఉంటుంది. అయినా "సరిపోయిందండీ" అంటాడు. లేచి నిలబడండి అంటే లేవడు. నాలుగడుగులు నడవండి అంటే సిగ్గు. "పర్లేదండీ, వేసుకుంటే అదే సాగుతుంది" అంటాడు. ఏమీ సాగదు. ముందు గోరు నల్లబడుతుంది, ఆ తరవాత ఊడుతుంది.

వీటన్నిటికంటే నాకు ఒళ్ళు మండే మాట ఇంకొకటుంది. "మా అమ్మాయి ఇప్పుడు వేసుకోదండీ. ఈవెంట్స్ రోజుకే. పెట్టె నలగకుండా ప్యాక్ చెయ్యండి." ఈవెంట్స్ అంటే కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టే పరుగు పరీక్ష. ఆ మాట వింటే నా అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "దాచుకోడానికైతే బంగారం కొనుక్కోండి, బూట్లెందుకండీ?" అని ఒకాయన మొహం మీదే అనేశాను. ఆయన కొనకుండా వెళ్ళిపోయాడు. ఓనరు గారు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మాది మండవల్లి అవతల, కొల్లేటి చేపల చెరువుల మధ్య ఉన్న చిన్న ఊరు. మా నాన్న చెరువు మీద మనిషి. అంటే వేరేవాళ్ళ చెరువుకి మేత వేయడం, గట్లు చూసుకోవడం, పట్టుబడి రోజున వల లాగడం. పొద్దున్నే నీళ్ళలోకి దిగితే ఎండెక్కేదాకా నీళ్ళలోనే. ఆయన కాలి వేళ్ళ సందులు ఎప్పుడూ పాసిపోయి తెల్లగా ఉండేవి. మడమలు పగిలి, ఆ పగుళ్ళలో నల్లమట్టి కూరుకుపోయి ఉండేది. ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, వెళ్ళేటప్పుడు మాత్రం రబ్బరు చెప్పులు వేసుకునేవాడు, గుడి బయట వదిలేసేవాడు. అంతకు మించి ఆ కాళ్ళు ఏమీ ఎరగవు.

నేను ఏలూరులో డిగ్రీ చేసి, మండవల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. కానిస్టేబుల్ రాతపరీక్ష మొదటిది గట్టెక్కాను. వయసు ప్రకారం నాకు అదే ఆఖరి అవకాశం. తరవాతది పరుగు. పదహారు వందల మీటర్లు, పదిన్నర నిమిషాలు. కాగితం మీద చూస్తే ఏముంది, నాలుగు రౌండ్లే కదా అనుకున్నాను. స్కూలు పిల్లల వెనక పడటం తప్ప, ఊహ తెలిశాక నేను పరిగెత్తింది లేదు.

మొదటి రోజు చెరువు గట్టు మీద ఒక మూల నుంచి రెండో మూలకి వెళ్ళేలోపే డొక్కలో పోటు వచ్చి చతికిలబడ్డాను. ఆ పోటు పది రోజుల్లో పోయింది. కాళ్ళతోనే తేలలేదు. నా దగ్గరున్నవి కాలేజీ రోజుల కాన్వాసు బూట్లు. అడుగున అరిగి అప్పడంలా అయిపోయాయి. రెండో వారానికి కుడి మడమ మొదలెట్టింది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. పది పన్నెండు అడుగులు కుంటితే సర్దుకునేది. హమ్మయ్య, తగ్గిందిలే అనుకుని పరిగెత్తేదాన్ని. మర్నాడు పొద్దున మళ్ళీ అదే మేకు. దాంతోపాటు పాదం ముందు భాగంలో మంట, చిటికెన వేలి పక్కన బొబ్బ. నడిచినప్పుడు కుడికాలుని కాపాడబోతే ఎడమకాలు అలిగేది.

మా ఊళ్ళో కాలు నొప్పి అని నోరు జారితే దారిన పోయేవాళ్ళంతా డాక్టర్లే. ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకు పరిచి, మడమ ఆనించమంది ఒకావిడ. ఆనించాను. నొప్పి తగ్గలేదు గానీ మడమ కాలింది. ఆముదం రాసి గుడ్డ కట్టమంది ఇంకొకావిడ. ఆ గుడ్డ జిడ్డు దుప్పటికి పట్టిందని మా అమ్మ చేత తిట్లు తిన్నాను. ఆర్‌ఎంపీ గారు సూది వేసి, "ఆడపిల్లకి ఈ పరుగులెందుకమ్మా, టెట్ రాసుకోవచ్చు కదా" అని సలహా కూడా వేశాడు. ఏలూరులో కోచింగ్ సారుకి చెప్పుకుంటే క్లాసు మధ్యలో నిలబెట్టి, "రేపు దొంగ పారిపోతుంటే ఆగరా బాబూ, నాకు మడమ నొప్పి అంటావా?" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

వానలు పడ్డాక ఒక రోజు గట్టు మీద బురదలో ఎడమ బూటు అడుగు ఊడి అక్కడే ఉండిపోయింది. నేను పై ముక్కతో ముందుకి వెళ్ళిపోయాను. ఏడుపు రావలసింది, నవ్వొచ్చింది. రెండూ చెరువులోకి విసిరేసి ఉత్తకాళ్ళతో పరిగెత్తాను.

ఆ నెల రోజులూ నరకమే. నత్తగుల్లలు కోసేవి. తుమ్మముళ్ళు దిగేవి. సాయంత్రం పిన్నీసుతో ముళ్ళు తీసుకోవడం, పసుపు అద్దుకోవడం, పొద్దున్నే మళ్ళీ దిగడం. తరవాత ఏమైందో నాకూ సరిగ్గా తెలీదు. మెత్తటి మట్టి వల్లో, అడుగు వేసే తీరు మారడం వల్లో, మడమలో మేకు మెల్లగా తగ్గుతూ వచ్చింది. అరికాళ్ళు గట్టిపడ్డాయి. మా నాన్న తూము దగ్గర ఫోను పట్టుకుని నిలబడి టైము చూసేవాడు. ఏలూరు గ్రౌండు ఎంతో కనుక్కుని, గట్టు మీద అంత దూరం తాడుతో కొలిచి కర్రలు పాతాడు. ఒక రోజు నేను ఆఖరి కర్ర దాటేసరికి ఫోను నా మొహం ముందు పెట్టి, "పది నిమిషాల లోపేనే!" అని అరిచాడు. మా నాన్న అరవడం నేను వినడం అదే మొదలు. చెరువులో నీటికాకులు లేచిపోయాయి.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

చెరువు ఆసామి కారులో వచ్చినప్పుడు నేను గట్టు మీద పరిగెత్తడం చూశాడు. "ఏవోయ్, మీ అమ్మాయి పోలీసవుతుందట కదా. అక్కడికి కూడా ఉత్తకాళ్ళతోనే వెళ్తుందా ఏంటి? గేటు దగ్గరే తరిమేస్తారోయ్" అని నవ్వాడు. మా నాన్న చేతులు కట్టుకుని, "లేదండీ, బూట్లు కొంటామండీ" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయనకి తల కొట్టేసినంత పనయింది. నాకూ అయింది. అబద్ధమెందుకు, ఆ క్షణం నుంచి నా కాళ్ళంటే నాకే సిగ్గేసింది.

ఆ సాయంత్రం మా నాన్న పురికొస తెచ్చి, "కాలు ఇలా పెట్టవే" అన్నాడు. మడమ నుంచి బొటనవేలి చివరిదాకా పరిచి, అక్కడికి పళ్ళతో కొరికి, జేబులో వేసుకున్నాడు. "నేనూ వస్తాను నాన్నా షాపుకి" అన్నాను. "నీకు ప్రాక్టీసు పోతుంది. కొలత ఉంది కదే, నేను తెస్తాలే" అన్నాడు. వలకన్ను కొలిచినట్టే నా కాలూ కొలిచాడు. ఏలూరు వెళ్ళి, ఆ పురికొస బూటులో పెట్టి చూసి, సరిగ్గా చివరికి ఆనేవే ఏరుకొచ్చాడు. బూటులో వేళ్ళ ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలని ఆయనకి తెలీదు. నాకూ తెలీదు. ఇప్పుడు రోజుకి నలభై మందికి చెబుతున్నాను.

తెల్ల బూట్లు. పక్కన నీలం గీత. చాప మీద నిలబెట్టి తొడిగించాడు. చాప దిగనివ్వలేదు. వేళ్ళు ముందు అంచుకి తగిలాయి. వెనక మడమ దగ్గర అట్టలా గట్టిగా ఉంది. "సరిపోయాయా?" అన్నాడు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నా మొహంలోకి చూస్తున్నాడు. "సరిపోయాయి నాన్నా" అన్నాను. షాపులో ఇప్పుడు అందరూ నాకు చెప్పే అబద్ధం అదే కాబట్టే నాకు అంత మంట.

మాలో ఒక పద్ధతుంది. ఇంట్లోకి కొత్తది ఏది వచ్చినా ముందు గుడికి తీసుకెళ్ళి ప్రార్థన చేయించాలి. సైకిలు, వల, కుక్కరు, హాల్ టికెట్టు, ఏదైనా సరే. ఆదివారం ఆరాధన అయ్యాక మా నాన్న బూట్ల పెట్టె పట్టుకుని ముందుకి వెళ్ళాడు. అయ్యగారు పెట్టె మీద చెయ్యి పెట్టి చక్కగా ప్రార్థన చేశారు. చేసి, నా వైపు తిరిగి, "రోజూ వేసుకుని అలవాటు చేసుకోమ్మా, కొత్తవి కదా" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. మా నాన్న "అలాగేనండీ అయ్యగారూ" అన్నాడు. ఇంటికి రాగానే పెట్టె తీసుకెళ్ళి ట్రంకులో అడుగున పెట్టి, మీద దుప్పట్లు సర్దాడు.

నేను రెండుసార్లు అడిగాను.

"నాన్నా, ఒక్క రెండు రోజులు వేసుకుని పరిగెడతాను."

"ఆ బురదలోనా? ప్రార్థన చేయించినవే అవి. ఆ రోజుకి తెల్లగా మెరవాలి."

"అయ్యగారు కూడా చెప్పారు కదా."

"ఆయన ఏలూరు మనిషి. మన గట్టు ఆయనకేం తెలుసు?"

రెండోసారి అడిగితే మా అమ్మ అందుకుంది. "అంత ఆశగా తెచ్చాడు, ఆయన మాట వింటే నీ సొమ్మేం పోయిందే?" పోయింది నా సొమ్మే. కానీ అప్పుడు నోరు మూసుకున్నాను. అంత నోరున్న దాన్ని, ఊరంతటినీ ఎదిరించగలను, ఆ మనిషి మురిపెం ముందు మాత్రం నోరు పెగల్లేదు.

ఈవెంట్స్ రోజు చీకటితోనే బయలుదేరాం. ఏలూరులో గ్రౌండు గేటు దగ్గరికి వచ్చేసరికి తెల్లవారింది. రబ్బరు చెప్పులతో తీసుకొచ్చాడు నన్ను, బూట్లు దారిలో మాసిపోతాయని. గేటు బయట, రోడ్డు మీద, అందరూ చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని నా కాళ్ళు తుడిచి, నైలాను మేజోళ్ళు వేసి, బూట్లు తొడిగాడు. లేసులు కట్టుకుంటాను నాన్నా అంటే వినలేదు. "నువ్వు కట్టుకుంటే మధ్యలో ఊడిపోయి పడతావు" అని తనే కట్టాడు. మామూలు ముడి కాదు. చేపల మేతకని తవుడు సంచులని చెరువులో కర్రలకి కట్టే ముడి. రోజంతా నీళ్ళలో నానినా, చేపలు గుంపుగా వచ్చి గుద్దినా ఊడదు. రెండు కాళ్ళకీ వేసి, లాగి చూసి, "ఇంక ఏమీ అవ్వదు, వెళ్ళు" అన్నాడు.

లోపల ఛాతీకి నంబరు కట్టి కూర్చోబెట్టారు. నా పక్కన గుండుగొలను అమ్మాయి. ఉత్తకాళ్ళు. నా కాళ్ళ వంక చూసి నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ, కొత్తవాండీ?"

"అవునండీ."

"రోజూ వీటితోనే చేశారా?"

"లేదండీ. ఉత్తకాళ్ళతోనే."

"అయ్యో, అయితే విప్పేయండీ. నేనూ తెచ్చుకున్నాను గానీ బ్యాగులో పెట్టేశాను. అలవాటు లేనివి కొరికేస్తాయండీ."

ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలుసు. గేటు నుంచి అక్కడిదాకా నడిచిన నడకకే మడమ దగ్గర గీరుకోవడం మొదలైంది. అయినా విప్పలేదు. ఆసామి నవ్వు గుర్తొచ్చింది. అంతమంది ఆఫీసర్ల ముందు చెరువు మనిషి కూతురిలా నిలబడటం ఇష్టం లేకపోయింది. "పర్లేదండీ, సరిపోయాయి" అన్నాను. మా నాన్న మీద ఎంత కోపమైనా రానీ, ఈ ముక్క మాత్రం నా ఖాతాలోదే.

మొదటి రౌండు బాగానే వెళ్ళాను. ముందు గుంపులోనే ఉన్నాను. రెండో రౌండులో కుడి మడమ వెనక గరుకు కాగితం రాసినట్టు మొదలైంది. బొటనవేలు అడుగడుగుకీ అంచుకి గుద్దుకుంటోంది. మూడో రౌండు మలుపులో మడమ దగ్గర ఏదో జారినట్టయింది. అది నా చర్మం. ఆ తరవాత మేజోడు తడిగా, వెచ్చగా ఉంది. నేను అడుగు వేయడం లేదు, కాలు ఎత్తి జాగ్రత్తగా కింద పెడుతున్నాను. గుండుగొలను అమ్మాయి వీపు నాకు దూరమైపోతోంది.

విప్పి పారేద్దామని ట్రాకు పక్కకి వంగాను. లేసు చివర పట్టుకుని లాగాను. ముడి ఇంకా బిగిసింది. రెండో బూటు లాగాను, అదీ బిగిసింది. గోళ్ళతో గీకాను. రాలేదు. "ఏయ్ అమ్మాయ్, పరిగెత్తు! పరిగెత్తు!" అని ఎవరో అరుస్తున్నారు. లేచి పరిగెత్తాను. ఆఖరి రౌండు ఎలా పరిగెత్తానో నాకు తెలీదు, ఏడుస్తూ పరిగెత్తానని తరవాత గుండుగొలను అమ్మాయే చెప్పింది. గీత దాటాక ఆఫీసరు గారు నా నంబరు చూసి, "పదకొండు సెకన్లు ఎక్కువైందమ్మా. సారీ" అన్నారు. మంచిగానే అన్నారు. ఆ ముడి దగ్గర నేను వంగి ఉన్నది అంతకంటే ఎక్కువ సేపే.

గేటు బయట మా నాన్న ఖాళీ పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. లోపలి పల్చటి కాగితం కూడా మడతపెట్టి అందులోనే ఉంచాడు, బూట్లు మళ్ళీ అందులో పెట్టాలని. "ఏమైందే?" అన్నాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. "నీ పురికొస, నీ ట్రంకు, నీ ముడి, ఇవే నా ఉద్యోగం తిన్నాయి" అని అక్కడే అరిచి ఉండాల్సింది. ఆ పెట్టె చూసి నోరు రాలేదు. "కడుపులో నొప్పి వచ్చింది నాన్నా, పరిగెత్తలేకపోయాను" అన్నాను.

బస్సులో ఆ బూట్లతోనే కూర్చున్నాను. కుడికాలు గుండెలాగా కొట్టుకుంటోంది. ఇంటికి రాగానే స్నానాల గదిలో తలుపేసుకుని బ్లేడుతో లేసులు కోశాను. మేజోడుతో పాటు బొటనవేలి గోరు సగం వచ్చేసింది. లోపల అట్టంతా ఎర్రగా ఉంది. తడిగుడ్డతో బూట్లు పైపైన తుడిచి, లేసు ముక్కలతో సహా పెట్టెలో పడేసి, ఎవరూ చూడకముందే ట్రంకులో అడుగుకి తోశాను. మా అమ్మకి మాత్రం గుల్ల గుచ్చుకుందని చెప్పాను.

ఇక మా నాన్న మొదలెట్టాడు. ఎవరడిగినా ఒకటే పాట. "బూట్లు కూడా కొన్నామండీ. పిల్లకి ధైర్యం చాల్లేదండీ. కడుపు నొప్పని వచ్చేసింది." ఆసామికి అదే చెప్పాడు. నన్ను చూడటానికి వచ్చిన తాడేపల్లిగూడెం వాళ్ళకీ అదే చెప్పాడు, నవ్వుతూ. "పోలీసు గేటు దాకా వెళ్ళి వచ్చిందండీ మా అమ్మాయి." పెళ్ళయ్యాక మా అత్తగారు కూరలో ఉప్పు ఎక్కువైనా ఆ మాటే తీసేది. గుడిలో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా, దేవుడి చిత్తం వేరేగా ఉంది, మా పిల్ల భయపడింది అన్నాడు. నేను మూడో వరసలో కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను. ఒకసారి ఏలూరు బస్టాండులో గుండుగొలను అమ్మాయి ఖాకీ బట్టల్లో కనిపించింది. లావైంది, బాగుంది. నన్ను గుర్తుపట్టలేదు. నేనూ పలకరించలేదు. షాపుకి వచ్చి ఆ రోజు ముగ్గురి మీద కేకలేశాను.

ఇంతా భరించింది ఒకే ఒక్క లెక్కతో. నిజం తెలిస్తే మా నాన్న తట్టుకోలేడు. నేనొక్కదాన్నే మోస్తున్నాను, మోయనీ. ఏడేళ్ళు ఆ గొప్ప కింద బతికాను.

మొన్న వేసవిలో పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అమ్మ ట్రంకులోంచి పాత దుప్పట్లు తియ్యమంది. అడుగున పెట్టె తగిలింది. తీద్దామా వద్దా అని ఒక నిమిషం చూసి తీశాను. తెల్ల బూట్లు. కొత్తవాటిలాగే ఉన్నాయి. కొత్త లేసులు ఎక్కించి ఉన్నాయి. లోపల చెయ్యి పెట్టి అట్ట బయటికి లాగాను. ఎక్కడా మరక లేదు. అంచుల్లో బ్రష్షు పెట్టి తోమిన గీతలున్నాయి.

"ఎవరు కడిగారే అమ్మా ఇవి?"

మా అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తకుండా చెప్పింది. "ఎవరు కడుగుతారే? మీ నాన్నే. నువ్వు ఏలూరు నుంచి వచ్చిన మర్నాడే. నువ్వు స్కూలుకి వెళ్ళాక తూము దగ్గర కూర్చుని పొద్దెక్కేదాకా కడిగాడు. నీకు చెప్పొద్దన్నాడు."

జాలి పడాలని తెలుసు. నాకు జాలి రాలేదు. ఒళ్ళంతా మండిపోయింది. మర్నాటికే తెలుసన్నమాట. తెలిసి, ఊరంతా తిరిగి నాకు ధైర్యం చాల్లేదని చెప్పాడన్నమాట. బూట్లు చేత్తో పట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను.

ఆయన నడుము లోతు నీళ్ళలో నిలబడి తవుడు సంచులు కడుతున్నాడు. నా చేతిలో బూట్లు చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"అప్పుడే తెలుసా నీకు?"

"లేసులు కోసేసి ఉన్నాయి. లోపల రక్తం ఉంది. ఆపాటి తెలీదా?"

"మరి పిల్లకి ధైర్యం చాల్లేదని ఊరంతా ఎందుకు చాటావు?"

"కడుపు నొప్పన్నది నువ్వే కదే. నువ్వు చెప్పిందే నేనూ చెప్పాను."

"నువ్వు బాధపడతావని అలా చెప్పాను నాన్నా!"

"పడ్డానులే" అన్నాడు. సంచి నోరు బిగించి కర్రకి కడుతున్నాడు. అదే ముడి. ఆ వేళ్ళు చూస్తుంటే గ్రౌండులో వంగి గోళ్ళతో గీకిన ఆ క్షణం నా చేతుల్లోకి మళ్ళీ వచ్చింది.

"ఆ ముడే నా ఉద్యోగం తిన్నది" అన్నాను. "మధ్యలో విప్పేసి ఉత్తకాళ్ళతో పరిగెడదామని చూశాను. ఎంత లాగినా రాలేదు. లాగిన కొద్దీ బిగిసింది."

అప్పుడు చెయ్యి ఆపాడు. తలెత్తి నా వంక చూశాడు. రక్తం సంగతి తెలుసు, బ్లేడు సంగతి తెలుసు. ఈ సంగతి ఆయనకి తెలీదు.

"ఏ కొస లాగావే?"

"చేతికి దొరికింది లాగాను. పొడుగుది."

"పొడుగుది లాగితే బిగుస్తుంది." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "పొట్టిది లాగాలి. రోజూ సంచులు విప్పద్దూ మరి? పొట్టిది లాగితే ఒక్క లాగుకి వచ్చేస్తుంది. నీకు చెప్పలేదూ?"

"చెప్పలేదు" అన్నాను.

ఆయన నీళ్ళ కింద చెయ్యి పెట్టి, పొట్టి కొస వెతికి పట్టుకుని లాగాడు. సంచి ఊడి నీళ్ళలోకి జారిపోయింది.